సొంత ఖర్చుతో అచ్చయిన నవలకు పాఠకులను సంపాదించడం

తెలుగులో నవలను గాని కథాసంపుటిని గాని రచయితే తన సొమ్ముతో అచ్చువేయించుకోవడం ఇవాళ సర్వసాధారణమైన పద్ధతి. దీనినే స్వీయ ప్రచురణ అంటున్నారు. రాతప్రతిని డీటీపీ చేయించడం, ప్రూఫులు దిద్దడం, ముఖచిత్రం వేయించడం, కాగితం ఎంచుకోవడం, ముద్రణకు బయానా ఇవ్వడం మొదలుకొని, అచ్చయిన కట్టలను ఇంటికి తెచ్చుకొని వాటిని కొనేవారిని వెతకడం వరకు ప్రతి పనీ ఈ పద్ధతిలో రచయిత నెత్తినే పడుతుంది. మొదటి పనులన్నిటికీ హైదరాబాదులోనో హనుమకొండలోనో డబ్బు తీసుకొని చేసిపెట్టేవారు దొరుకుతారు గనుక అవి ఎలాగో పూర్తవుతాయి. చివరి పనికి మాత్రం ఎవరూ దొరకరు. జనగామ జిల్లాలోని రఘునాథపల్లి వంటి మండల కేంద్రంలో ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ నవల రాసిన వ్యక్తి ఇంట్లో, మంచం కిందా అటక మీదా ఏళ్ల తరబడి పుస్తకాల కట్టలు మిగిలిపోతే, అందుకు రచనలోని లోపమే కారణమని అనుకోనక్కరలేదు. పాఠకుడి దాకా ఆ రచనను చేర్చే పనికి మొదటినుంచీ డబ్బుగాని ఆలోచనగాని కేటాయించకపోవడమే చాలాసార్లు అసలు కారణమవుతుంది.

ఈ పనిని సాధారణంగా ప్రచారం అనే మాటతో సూచిస్తారు. ప్రచారమనగానే పత్రికలో ప్రకటన, కూడలిలో ఫ్లెక్సీ, వేదిక మీద శాలువలు కళ్లముందు మెదలడం వల్ల, అది డబ్బున్నవారి వ్యవహారమనే అభిప్రాయం స్థిరపడిపోయింది. తెలంగాణ ప్రచురణ చరిత్రను పరిశీలిస్తే ఇందుకు పూర్తిగా భిన్నమైన సంగతి బయటపడుతుంది. చెప్పుకోదగిన పెట్టుబడి లేకుండానే ఇక్కడ పుస్తకాలు వేసి నిలబెట్టినవారు తమ శ్రమనంతా పంపిణీ మీద, అనగా పుస్తకాన్ని పాఠకుడి చేతిలో పెట్టే ఏర్పాటు మీద, వెచ్చించారు. పుస్తకం చేతులు మారడమే దానికి ప్రచారమైంది. ఇందుకు మొదటగా చెప్పుకోవలసిన ఉదాహరణ రఘునాథపల్లికి ఎంతో దూరంలో లేదు. పొరుగున ఉన్న మహబూబాబాదు జిల్లాలోనే ఉంది.

ఇనుగుర్తి గ్రామానికి చెందిన ఒద్దిరాజు సీతారామచంద్రరావు, ఒద్దిరాజు రాఘవరంగారావు అనే అన్నదమ్ములు, నిజాం పాలనలో తెలుగు చదువు దొరకడమే కష్టంగా ఉన్న కాలంలో, ఆ పల్లెటూరిలోనే అచ్చుయంత్రాన్ని నెలకొల్పి 1922 ఆగస్టు 27న తెనుగు అనే వారపత్రికను ప్రారంభించారు. అంతకు ముందే వారు విజ్ఞాన ప్రచారిణీ గ్రంథమాల పేరుతో పుస్తకాల ప్రచురణకు పూనుకున్నారు. గ్రంథమాల అంటే ఒకే పేరు కింద వరుసగా వెలువడే పుస్తకాల శ్రేణి. ఒక పుస్తకం నచ్చిన పాఠకుడు తరువాతి పుస్తకానికి ఆ పేరును చూసే చెయ్యి చాస్తాడన్న నమ్మకం ఈ పద్ధతికి ఆధారం. తెలంగాణ తొలినాటి నవలల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు పేర్కొనే రుద్రమదేవి సీతారామచంద్రరావు రాసినదే. రాయడం, అక్షరాలు కూర్చడం, అచ్చు తీయడం, మడతలు పెట్టడం, చిరునామాలు రాయడం, టపాలో వేయడం అన్నీ ఆ అన్నదమ్ములే చేసుకున్నారన్నది తెలంగాణ పత్రికా చరిత్రలో ప్రసిద్ధమైన విషయం.

ఈ ఘట్టాన్ని సాధారణంగా త్యాగానికీ పట్టుదలకూ ఉదాహరణగా చెప్పి వదిలేస్తారు. ఆ ప్రశంస సముచితమైనదే అయినా, అందులోని వ్యాపార వివేకాన్ని అది కప్పివేస్తున్నది. పత్రిక నడిపేవారి దగ్గర తప్పనిసరిగా ఒక చిరునామాల పుస్తకం ఉంటుంది. ఏ ఊరిలో ఎవరు తెలుగు చదువుతారు, ఎవరు చందా కడతారు, ఎవరు చదివిన కాగితాన్ని మరొక ఇంటికి పంపుతారు అన్న సమాచారమంతా ఆ జాబితాలో చేరుతుంది. అటువంటి జాబితా చేతిలో ఉన్న ప్రచురణకర్తకు, కొత్త పుస్తకం వెలువడినప్పుడు ఎవరికి తెలియజేయాలన్న ప్రశ్న తలెత్తదు. ఇంచుమించు అదే కాలంలో, 1917లో, లండను సమీపంలోని రిచ్‌మండ్‌లో లియొనార్డ్ వూల్ఫ్, వర్జీనియా వూల్ఫ్ దంపతులు తమ ఇంట్లోనే ఒక చేతి యంత్రం పెట్టుకొని, చెరొక కథతో కూడిన చిన్న పుస్తకాన్ని సుమారు 150 ప్రతులు అచ్చువేసి, పరిచయస్థులకూ వారి మిత్రులకూ ఉత్తరాలు రాసి అమ్ముకున్నారు. హోగార్త్ ప్రెస్ అనే సుప్రసిద్ధ ప్రచురణ సంస్థ అలా మొదలైంది. ఇనుగుర్తివారికి రిచ్‌మండ్ సంగతి గాని, రిచ్‌మండ్‌వారికి ఇనుగుర్తి సంగతి గాని తెలిసి ఉండే అవకాశం లేదు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు తెలివైనవారు రెండు చోట్లా ఒకే దారి పట్టారు.

రెండవ ఉదాహరణ మరింత విస్తృతమైనది. నల్లగొండ జిల్లాలో 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి పేదరికం వల్ల బడి చదువుకు దూరమై, ఇళ్లల్లో వంటపని, హోటలులో సర్వరు పని చేస్తూ స్వయంకృషితో చదువుకున్న వ్యక్తి. ఆయన 1938లో, అదే సంవత్సరం కన్నుమూసిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు స్మృతిలో, సికింద్రాబాదు కేంద్రంగా దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ఆ మాల కింద ముప్పైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. వాటిని ఆళ్వారుస్వామి అంగడిలో పెట్టి కొనేవారి కోసం ఎదురుచూడలేదు. తలమీద మోసుకొని, భుజాన వేసుకొని ఊరూరా తిరిగి అమ్మారు. నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ ఆంధ్ర మహాసభ సమావేశాలు, గ్రంథాలయోద్యమ సభలు జరిగే చోటికి పుస్తకాలతో చేరుకున్నారు.

ఈ పద్ధతిలోని బలం ఎక్కడ ఉన్నదో విడదీసి చూడవలసి ఉంటుంది. సభకు వచ్చినవాడు అప్పటికే ఒక విషయం మీద ఆసక్తితో ఇల్లు కదిలినవాడు. ఆ ఆసక్తికి సంబంధించిన పుస్తకం అతని ఎదుట కనబడితే, దాని గొప్పతనాన్ని వివరించి చెప్పవలసిన పని సగం తగ్గుతుంది. పైగా అమ్మేవాడూ రాసేవాడూ ఒక్కడే అయినప్పుడు, కొనేవారి ప్రశ్నలు, అయిష్టాలు, ఆశలు నేరుగా రచనలోకి ప్రవహిస్తాయి. ఆళ్వారుస్వామి రాసిన ప్రజల మనిషి, ఆయన 1961లో మరణించేనాటికి అసంపూర్ణంగా మిగిలిన గంగు అనే నవలల్లో తెలంగాణ పల్లె మనుషులు అంత సజీవంగా కనబడటానికి ఈ తిరుగుడు కూడా ఒక కారణమని భావించడానికి ఆస్కారముంది. తమిళంలో 1959లో ఎళుత్తు పత్రికను ప్రారంభించిన సి.సు. చెల్లప్ప కూడా ఇదేవిధంగా పుస్తకాల సంచులు మోసుకొని కళాశాలలకు తిరిగి అమ్మారు. పుస్తకం మోయడాన్ని చిన్నతనంగా భావించే రచయితలు ఈ ఇద్దరి జీవితాలను ఒకసారి తిరగేయడం మంచిది.

ఆళ్వారుస్వామి ఎంచుకున్న సభలకు నేటి రఘునాథపల్లి ప్రాంతంలో సమానమైనవి ఏవన్నది నవల వస్తువును బట్టి నిర్ణయమవుతుంది. మొగలు పాలకులకూ స్థానిక జమీందారులకూ ఎదురు నిలిచి, పద్దెనిమిదో శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఈ ప్రాంతాన్ని కదిలించిన సర్వాయి పాపన్న నిర్మించిన కోట ఈ మండలంలోని ఖిలాషాపూర్‌లోనే ఉంది. పాపన్న వస్తువుగా నవల రాసిన వ్యక్తికి ప్రతి ఆగస్టు 18న జరిగే జయంతి కార్యక్రమాలు, గీత కార్మిక సంఘాల సమావేశాలు, చరిత్ర మీద మక్కువగల ఉపాధ్యాయ బృందాలు సహజమైన పాఠక క్షేత్రాలు. పెంబర్తి ఇత్తడి పనివారి బతుకు మీద రాసిన నవలకు, హైదరాబాదుకు వలస వెళ్లిన కుటుంబం మీద రాసిన నవలకు, రైలులో రోజూ కాజీపేటకో సికింద్రాబాదుకో పోయివచ్చే ఉద్యోగి మీద రాసిన నవలకు పాఠకులు వేర్వేరు చోట్ల ఉంటారు. అందరికీ నచ్చుతుందని చెప్పే పుస్తకానికి మొదటి వంద మంది కొనుగోలుదారులను వెతకడం ఎంతో కష్టం. ఫలానావారిదని చెప్పగలిగే పుస్తకానికి అది అంత కష్టం కాదు.

ఇక డబ్బు లెక్క. 1906లో హైదరాబాదులో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు ప్రభృతులు స్థాపించిన విజ్ఞాన చంద్రికా మండలి కాలం నుంచి తెలుగు ప్రచురణకు చందాదారుల పద్ధతి అలవాటే. పాఠకుడు ముందుగా పేరు నమోదు చేయించుకుంటే, పుస్తకం అచ్చయిన వెంటనే తక్కువ వెలకు అతనికి అందుతుంది. తరువాతి కాలంలో ఎమెస్కో ప్రచురణ సంస్థవారి ఇంటింటా సొంత గ్రంథాలయం పథకం నవలలను మధ్యతరగతి ఇళ్లలోకి చేర్చింది కూడా ఈ సూత్రం మీదనే. సొంత ప్రచురణ చేసుకునే రచయితకు ఇది ముందస్తు కొనుగోలు రూపంలో పనికివస్తుంది. ఉదాహరణకు 500 ప్రతులకు ప్రతి ఒక్కటికి 90 రూపాయల చొప్పున 45,000 రూపాయలు ముద్రణ ఖర్చు అనుకొని, పుస్తకం వెలను 180 రూపాయలుగా నిర్ణయించి, ముందుగా చెల్లించినవారికి 150 రూపాయలకే ఇస్తామని తెలియజేస్తే, 150 మంది ముందుకు వచ్చినా 22,500 రూపాయలు, అనగా ముద్రణ ఖర్చులో సగం, యంత్రం కదలకముందే చేతికి వస్తుంది. అంతమంది ముందుకు రాకపోతే 500 ప్రతులు వేయడం అనవసరమని కూడా అప్పుడే తెలుస్తుంది. ప్రతి ఒక్కటికి కొంత ఎక్కువ ఖర్చైనా, అడిగినన్ని మాత్రమే ముద్రించి ఇచ్చే డిజిటల్ ముద్రణ అటువంటి సందర్భానికి తగినది. వాట్సాప్ బృందాలు, యూపీఐ చెల్లింపులు వచ్చిన తరువాత ఈ పద్ధతికి ఒకనాటి చందాదారుల రిజిస్టరు, మనియార్డరు ఫారాల శ్రమ కూడా లేదు. అయితే ఒక పుస్తకానికి సంబంధించిన సమాచారాన్ని రోజూ అదే బృందంలో పెడుతూ పోతే జనం ఆ పేరు చూడగానే దాటవేస్తారు. నవలలోని ఒక చక్కని ఘట్టాన్ని, అసంపూర్తిగా, వారానికొకసారి అందించడం ఇంతకంటె ఎన్నో రెట్లు ఫలిస్తుంది. వారపత్రికల సీరియల్ యుగంలో తెలుగు పాఠకుడికి అలవడిన ఎదురుచూపు ఇంకా పూర్తిగా పోలేదు.

పుస్తక విక్రేతల ద్వారా అమ్మకం రెండవ మార్గం. అమ్మినందుకు దుకాణం మినహాయించుకొనే భాగాన్ని కమీషను అంటారు. చిన్న ప్రచురణకర్తల విషయంలో ఇది వెలలో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటుంది. పై లెక్కలో 40 శాతం కమీషను పోతే రచయితకు దక్కేది 108 రూపాయలు, ముద్రణ ఖర్చు తీసివేస్తే 18 రూపాయలు. రవాణా, అమ్ముడుపోని ప్రతుల నష్టం అందులోనే భరించాలి. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేకపోవడం ఒక్కటే ఇక్కడ ఊరట. ఇంత మాత్రాన దుకాణాలను విడిచిపెట్టాలని కాదు. విమర్శకులు, పరిశోధకులు, దూరప్రాంతాల పాఠకులు అక్కడే వెతుకుతారు గనుక కొన్ని ప్రతులు అక్కడ ఉండాలి, మొత్తం ఆశ మాత్రం అక్కడ ఉండకూడదు. డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాదు పుస్తక ప్రదర్శనలోనూ, 1989 నుంచి సాధారణంగా జనవరి ప్రాంతంలో జరుగుతున్న విజయవాడ పుస్తక మహోత్సవంలోనూ ఒక్క పుస్తకం కోసం స్టాలు అద్దెకు తీసుకోవడం కంటె, పదిమంది రచయితలు కలిసి ఒకే స్టాలు పంచుకోవడం చవకైన మార్గం. ఒక రచయిత కోసం వచ్చినవాడు పక్కవాని పుస్తకం కూడా తిరగేస్తాడు.

నేరుగా పంపే పద్ధతికి తపాలా శాఖ ఆధారం. దశాబ్దాలుగా చిన్న ప్రచురణకర్తలకు అండగా నిలిచిన రిజిస్టర్డ్ బుక్ పోస్టు సదుపాయాన్ని 2024 డిసెంబరు 18 నుంచి తపాలా శాఖ నిలిపివేయడంతో, పుస్తకం వెలకూ దాన్ని పంపే ఖర్చుకూ తేడా లేకుండా పోయే పరిస్థితి కొంతకాలం నెలకొంది. 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ అనే కొత్త సేవ ప్రారంభమైంది. దీనిలో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్నులు అదనం, అని ప్రారంభంలో ధరలు ప్రకటించారు. పాఠ్యపుస్తకాలతోపాటు సామాజిక, సాంస్కృతిక, ధార్మిక గ్రంథాలకు వర్తించే ఈ సేవలో పుస్తకం మీద ముద్రాపకుడి లేదా ప్రచురణకర్త పేరు ఉండాలి, లోపల వాణిజ్య ప్రకటనలు ఉండకూడదు. కొద్దిపాటి ఆదాయం కోసం వెనుక పేజీలో స్థానిక దుకాణం ప్రకటన వేయించుకొనే అలవాటుగల రచయితలు ఈ నిబంధనను గమనించాలి. కాగితం మందాన్ని, పేజీల సంఖ్యను ఎంచుకొనేటప్పుడే, కవరుతో సహా పుస్తకం బరువు 300 గ్రాములు దాటకుండా చూసుకుంటే ఒక్కో ప్రతి మీదా కొంత సొమ్ము మిగులుతుంది. తమ నవల ఈ సేవకు అర్హమైనదో కాదో, ప్రస్తుత ధర ఎంతో అచ్చుకు ముందే స్థానిక తపాలా కార్యాలయంలో విచారించడం అవసరం.

స్వీయ ప్రచురణలో అత్యధికంగా డబ్బు వృథా అయ్యే సందర్భం ఆవిష్కరణ సభ. హాలు అద్దె, బ్యానరు, శాలువలు, జ్ఞాపికలు, అతిథుల ప్రయాణం, చివరకు భోజనాలు కలిపి ముద్రణ ఖర్చుతో పోటీపడే సందర్భాలు తక్కువేమీ కాదు. ఆ సభలో పుస్తకం గురించి మాట్లాడేవారిలో చదివి వచ్చినవారెందరన్న ప్రశ్న వేయకపోవడమే మర్యాదగా చలామణీ అవుతున్నది. సభ చివర వేదిక మీదివారికీ ముందు వరసలవారికీ ఉచితంగా ప్రతులు పంచడం మరొక ఆచారం. ఉచితంగా అందిన పుస్తకాన్ని చదివేవారు అరుదు. పైగా ఊరిలో కొనగలిగిన యాభై మందికీ ఉచితంగా అందిన తరువాత ఇక కొనేవారెవరూ మిగలరు. సమీక్ష రాయగలవారికి, నాలుగు గ్రంథాలయాలకు, రచనకు సమాచారమిచ్చినవారికి మినహా ఉచిత ప్రతి ఇవ్వకూడదన్న నియమాన్ని రచయిత కఠినంగా పాటించవలసి ఉంటుంది. సభ కావాలనుకుంటే బడి వరండాలోనో గ్రంథాలయ గదిలోనో, ముందే పుస్తకం కొని చదివిన పాతికమందితో జరిపే చర్చ చాలు. దాని వార్త స్థానిక పత్రికా విలేకరులకు ఎలాగూ అందుతుంది.

పెద్దగా ఖర్చు లేకుండా పూర్తిచేయగల పనులు కొన్ని ఉన్నాయి. ప్రతి పుస్తకాన్ని ప్రపంచవ్యాప్తంగా గుర్తించే పదమూడు అంకెల సంఖ్యను ఐఎస్‌బీఎన్ అంటారు. భారతదేశంలో రాజా రామమోహన్‌రాయ్ జాతీయ సంస్థ ద్వారా ఇది ఉచితంగా లభిస్తుంది, రచయితే ప్రచురణకర్త అయినా దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చట్టం పేర్కొన్న ఇతర గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలి. చాలామంది రచయితలు ఈ బాధ్యతను విస్మరిస్తున్నారు. కథాసంపుటి అయితే, కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయానికి ఒక ప్రతి పంపడం, తెలుగు కథా పరిశోధకుల కంటపడటానికి అతి చవకైన మార్గం. ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడిచే జిల్లా గ్రంథాలయ సంస్థల కొనుగోలు జాబితాలో చోటు దొరికితే మంచిదే. దొరకడం రచయిత చేతిలో లేదు గనుక లెక్క వేసేటప్పుడు ఆ సొమ్మును కలుపుకోకపోవడమే క్షేమం.

డిజిటల్ రూపం విషయంలో ఒక సాంకేతిక అంశాన్ని ముందుగానే పట్టించుకోవాలి. తెలుగు డీటీపీ కేంద్రాలలో చాలాకాలంగా అను వంటి ప్రత్యేక ఖతులు, అంటే ఆ సాఫ్ట్‌వేరు ఉంటేనే చదవడానికి వీలయ్యే అక్షర రూపాలు, వాడుతున్నారు. అచ్చుకు అవి చక్కగా సరిపోతాయి గాని, అదే పాఠ్యాన్ని ఫోనులోకి మార్చితే అర్థంలేని గుర్తులుగా కనబడుతుంది, వెతికినా దొరకదు. అన్ని పరికరాలలోనూ ఒకేవిధంగా పనిచేసే యూనికోడ్ రూపంలో రాతప్రతిని భద్రపరచుకున్న రచయిత ఈ-పుస్తకాన్ని, ఉచిత అధ్యాయాన్ని అదనపు ఖర్చు లేకుండా తయారుచేసుకోగలడు. శ్రవణ రూపానికి కూడా ఇప్పుడు ఆదరణ పెరుగుతున్నది. దాసుభాషితం, హర్షణీయం వంటి వేదికలు తెలుగు సాహిత్యాన్ని చెవికి అందిస్తున్నాయి. చదివే తీరిక లేనివారు, చదవడం రాని ఇంటి పెద్దలు కూడా ఈ రూపంలో నవలకు చేరువవుతారు. ఊరిలో మంచి గొంతుగల ఉపాధ్యాయినితో ఒక అధ్యాయం చదివించి ఫోనులో రికార్డు చేయడానికి అయ్యే ఖర్చు దాదాపు శూన్యం.

పుస్తకం పేరు కూడా పంపిణీలో భాగమే. ప్రస్తుత జనగామ జిల్లాలోని వావిలాలలో జన్మించిన దొంగరి మల్లయ్య, నవీన్ అనే కలంపేరుతో 1969లో వెలువరించిన అంపశయ్య నవల ఎంతగా పాఠకుల నోళ్లలో నానిందంటే, ఆ నవల పేరే ఆయనకు ఇంటిపేరుగా మారింది. 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం మరొక నవలకు, కాలరేఖలుకు, లభించినా ఆయన అంపశయ్య నవీన్‌గానే నిలిచారు. విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్కరోజు అంతరంగాన్ని చిత్రించిన ఆ నవలకు విద్యార్థులే తొలి పాఠక వర్గమయ్యారు. పాఠకుడు మరొకరికి నోటితో చెప్పడానికి వీలైన పేరు, ఒక్క వాక్యంలో చెప్పడానికి వీలైన ఇతివృత్తం ఉన్న నవలకు సగం ప్రచారం పాఠకులే చేసిపెడతారు. నోరు తిరగని సంస్కృత సమాసాలతో పేర్లు పెట్టే అలవాటు ఈ దృష్టితో పునరాలోచించదగినది.

ఒక నవల అమ్మకంతో రచయిత జీవనం సాగదన్నది తెలుగునాట వాస్తవం. పెట్టిన డబ్బు తిరిగి వచ్చి, తరువాతి పుస్తకానికి పాఠకుల జాబితా మిగిలితే ఆ ప్రయత్నం సఫలమైనట్టే. అందులో పాఠకులకు కూడా కొంత పాత్ర ఉంది. తమ ఊరివారో పక్క ఊరివారో రాసిన నవల వెలువడిందని తెలిసినప్పుడు, దానిని ఉచితంగా అడగకుండా వెల ఇచ్చి కొనాలని, చదివిన తరువాత నచ్చినా నచ్చకపోయినా ఆ సంగతి రచయితకు రెండు వాక్యాలలో తెలియజేయాలని, బాగుందనిపిస్తే మరొకరి చేత కొనిపించాలని మనవి.